బెండుచెక్కలో కాలిన చిల్లు

మా అన్నయ్య చేతిలో ఏ వస్తువు పెట్టినా ముందు దాన్ని వేలి మీద నిలబెట్టి చూసేవాడు. గరిట, గొడుగు, రూళ్లకర్ర, ఏదైనా సరే. ఎక్కడ పట్టుకుంటే ఇటూ అటూ ఒరగకుండా నిలుస్తుందో ఆ చోటు దొరికేదాకా వదిలేవాడు కాదు. పదిహేనేళ్లు వైమానిక దళం వర్క్‌షాపుల్లో రెక్కలూ తోకలూ బాగుచేసి, డెబ్బైల మధ్యలో నర్సీపట్నం తిరిగొచ్చాడు. వచ్చాక మోటారు పంపులు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. నాది మెయిన్ రోడ్డులో రేడియో రిపేరు షాపు. ఇద్దరం పనిముట్లతో బతికినవాళ్లమే. కానీ అన్నయ్య కొలిచి కోసేవాడు, నేను కోసి కొలిచేవాణ్ణి. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అన్నయ్య ట్రంకు పెట్టెలో మూడు అట్టపెట్టెలు తెచ్చుకున్నాడు. ఉద్యోగం మానేసి వెళ్లిపోతున్న ఒక అధికారి ఇచ్చాడట. ఒక్కో పెట్టెలో ఒక్కో చిన్న విమానానికి కావలసిన బాల్సాచెక్క, పల్చటి కాగితం, ప్లాను ఉన్నాయి. చెక్క మీద ముక్కల గీతలు అచ్చువేసి ఉంటాయి. వాటి వెంట బ్లేడుతో కోసి అతికించుకోవాలి. ఆ చెక్క పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉండేది. మా వదిన దాన్ని గిల్లి చూసి, "ఇదేటండీ, బెండుసెక్క! దీన్తో ఈమానం సేస్తారేటి?" అంది. అప్పట్నించి మా ఇంట్లో అది బెండుచెక్కే.

ఇక్కడ ఆ చెక్కకి తగిన జిగురు దొరకదు. అన్నయ్య పాత సెల్యులాయిడ్ దువ్వెనలూ, పగిలిన పింగ్‌పాంగ్ బంతులూ ముక్కలు చేసి, ఎసిటోన్‌లో నానబెట్టి సొంతంగా జిగురు తయారుచేశాడు. పెట్టెకొకటి చొప్పున బొటనవేలంత ఇంజను ఉంది. దానికి ఈథరు, కిరసనాయిలు, ఆముదం సమంగా కలిపి పోయాలి. అన్నయ్య చొక్కాలకి ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసన పోయేది కాదు.

మొదటి విమానం ప్లానులో ఉన్నట్టే కట్టాడు. రేడియో ఏమీ లేదు. ఇంజను తిప్పి చేత్తో వదిలితే దానంతటది పైకి పోయి, ఇంధనం అయిపోయాక చుట్టూ తిరుగుతూ దిగాలి. గొలుగొండ రోడ్డు పక్కన కోతలయిన పొలంలో ఒక ఉదయం వదిలాం. చక్కగా ఎగిరింది, మరీ చక్కగా ఎగిరింది. ఎండ వేడికి పైకి లేచిన గాలి దాన్ని పట్టుకుంది కాబోలు, దిగనే లేదు. కొండల వైపు పోయి చుక్కయింది. తర్వాత చుక్క కూడా లేదు. మూడు రోజులు సైకిళ్ల మీద జీడితోటలన్నీ తిరిగాం. దొరకలేదు.

"పోతే పోయిందిలే. బాగా ఎగిరి పోయింది," అన్నాడు అన్నయ్య. గొంతు మాత్రం అలా లేదు.

అప్పుడు నేనే అన్నాను, "రెండోదానికి రేడియో పెడదాం. మనం పిలిస్తే వెనక్కొస్తుంది."

నా దగ్గర ఒక పాత పత్రికలోంచి చించిన సర్క్యూట్ ఉంది. చేతిలో పట్టుకునే పెట్టెకి ఒకటే బటన్. ఒకసారి నొక్కి పట్టుకుంటే తోకలో ఉండే చుక్కాని ఎడమకి తిరుగుతుంది, రెండుసార్లు నొక్కి పట్టుకుంటే కుడికి. వదిలేస్తే తిన్నగా నిలుస్తుంది. విమానం లోపల మెలిపెట్టిన రబ్బరు బ్యాండు ఉంటుంది. బటన్ నొక్కినప్పుడల్లా ఒక చిన్న విద్యుదయస్కాంతం గొళ్లెం తీసి దాన్ని కొంచెం తిరగనిస్తుంది, అంతే. రేడియో లైసెన్సుకి దరఖాస్తు పెట్టి కాగితం వచ్చేదాకా ఆగాం. ఈలోగా అన్నయ్య రెండో విమానం కట్టాడు. నేను రేడియో కట్టాను.

కట్టిన విమానం నా షాపుకి తెచ్చి ఇస్తూ ఒకే ఒక్క మాట అన్నాడు. "నువ్వు ఏది కొయ్యాలన్నా, ఎక్కడ చిల్లు పెట్టాలన్నా ముందు నాకు సెప్పు. అడ్డుపలకల జోలికెళ్లకు."

"అలాగే అన్నయ్యా," అన్నాను.

అడ్డుపలకలంటే విమానం పొట్ట లోపల వరసగా అడ్డంగా నిలబెట్టే పల్చటి బిళ్లలు. పొట్ట ఆకారం నిలిచేది వాటి మీదే. రేడియో ముందు ఉంటుంది, చుక్కాని తోకలో ఉంటుంది. రెంటికీ మధ్య సన్నటి కడ్డీ, ఏరియల్ తీగా పోవాలంటే మూడు అడ్డుపలకలకి చిల్లులు పెట్టాలి. అది చేయవలసిన రోజున బల్ల మీద నాలుగు రేడియోలు విప్పి ఉన్నాయి. ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు తమ సెట్ల కోసం కూర్చుని ఉన్నారు. నా చేతిలో తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ కాలుతూ ఉంది. మా రేడియో వాళ్లకి ఒక అలవాటుంది. ప్లాస్టిక్ కేబినెట్‌కి చిల్లు కావాలంటే డ్రిల్లు వెతకం. కాలుతున్న ఐరన్ మొన దించేస్తాం, వెన్నలో దిగినట్టు దిగుతుంది. బెండుచెక్కలో ఇంకా సుఖంగా దిగింది. కొంచెం పొగ, కాగితం కాలిన వాసన. మూడు చిల్లులకీ కలిపి నిమిషం పట్టలేదు. చుట్టూ నల్లటి అంచు మిగిలింది. లోపలే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను.

ఆ ఫిబ్రవరిలో ఎగరేశాం. బటన్ నా చేతిలోనే ఉంది. మొదటి మలుపు తిరగ్గానే నా గుండె పొంగిపోయింది. రెండో మలుపులో బటన్ ఎక్కువసేపు నొక్కి ఉంచాను. విమానం ముక్కు కిందకి పెట్టి గిరగిర తిరుగుతూ దిగడం మొదలుపెట్టింది. భయపడి వదిలేశాను. అది ముక్కు పైకెత్తింది. ఆ ఎత్తడంలో రెక్క వెనక పొట్ట మడత పడి, తోక విడిపోయింది. రెండు ముక్కలూ పక్కనున్న చెరుకుతోటలో పడ్డాయి.

తోట రైతు మాకంటే ముందే పరిగెత్తి, ముక్కలు పట్టుకుని బయటికొచ్చాడు. "రేడియో బాబూ, మీ ఈమానం మా సెరుకులో దిగిపోనాదండి. ముందు ముక్కొకటి, ఎనక ముక్కొకటి. డ్రైవరు ఏటైపోనాడో అగుపించనేదు!"

నవ్వే స్థితిలో లేను. తోకముక్క అందుకుని విరిగిన చోటు చూశాను. రెక్క వెనకున్న అడ్డుపలక నా చిల్లు మధ్యగా, నల్లటి అంచు మీదుగా విరిగి ఉంది. ఒక్క జిగురు అతుకు కూడా ఊడలేదు. అన్నయ్య ఇంకా గట్టు దాటుతూ నా వైపు వస్తున్నాడు. పలక ముక్కని వేలితో లాగి చొక్కా జేబులో వేసుకున్నాను. రెండో సగం చెరుకులోనే రాలిపోయినట్టుంది, మిగతా రెండు చిల్లులూ పొట్ట లోపల కాగితం చాటున ఉన్నాయి.

"ఏటైందిరా?" అన్నాడు.

"జిగురు ఊడినట్టుంది అన్నయ్యా."

ఆ మాట ముందుగా ఆలోచించి అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు. అన్నయ్య ముక్కలు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దువ్వెనల జిగురు కదా. నాకు మొదట్నించీ అనుమానమే," అన్నాడు. తన మీద తనే తీర్పు చెప్పేసుకున్నాడు. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడం కష్టంగా ఉంది. కానీ ఆ క్షణంలో నిజంగా హాయిగానే అనిపించింది.

రేడియో విప్పాలని విరిగిన విమానాన్ని నేను షాపుకి తెచ్చేసుకున్నాను, అన్నయ్య జిగురు పరీక్షలు మొదలుపెట్టాడు. మూడో పెట్టె విప్పేముందు జిగురు సంగతి తేల్చుకోవాలన్నాడు. మిగిలిన చెక్క తునకల్ని రెండు రెండుగా అతికించి, ఎండాక పెరట్లో దండేనికి కట్టి, కింద డబ్బా వేలాడదీసి, చెంబుతో నీళ్లు పోస్తూ ఎంత బరువుకి విరుగుతుందో చూసేవాడు. ప్రతిసారీ చెక్కే విరిగేది. అతుకు ఊడేది కాదు. అయినా నమ్మలేదు. దువ్వెనలు మార్చాడు. ఎసిటోన్ పాళ్లు మార్చాడు. వానాకాలం చెమ్మలో అతికించి చూశాడు. ఎండలో అతికించి చూశాడు. ఇలా ఏడాది దాటి రెండో ఏడాది నడిచింది. ఈలోపు అన్నయ్యకున్న సుగర్ జబ్బు కళ్లలోకి వచ్చింది. విశాఖపట్నం డాక్టరుగారు కంటి వెనక పొర దెబ్బతిందనీ, ఉన్న చూపు క్రమంగా తగ్గుతుందనీ, సన్నపని మానెయ్యమనీ చెప్పారు. అన్నయ్య షెడ్డుకి పోవడం తగ్గించాడు. పుల్లలు అతికించడం మాత్రం తగ్గించలేదు.

ఒకరోజు వదిన నా షాపుకి వచ్చింది. ఆవిడ షాపుకి రావడం అదే మొదటిసారి.

"బాబూ, మీ అన్నయ్యకి నువ్వయినా సెప్పు. కిటికీ దగ్గర కూకుని ఆ పుల్లలే పుల్లలు. మొన్న బ్లేడుతో ఏలు కోసుకున్నారు. ఏటండీ అంటే, 'ఎక్కడ తప్పు సేసేనో తెలవకుండా మూడోదాని మీద సెయ్యెయ్యలేనే' అంటారు. కళ్లుండగా అదొక్కటీ కట్టుకోవాలని ఆయన ఆశ. ఉన్న కళ్లు కాస్తా ఈ పుల్లలకే సరిపోతన్నాయి."

"చెప్తాను వదినా," అన్నాను.

నల్లటి అంచు ఉన్న ఆ పలక ముక్క నా బల్ల సొరుగులో, పనికిరాని కండెన్సర్లు వేసే డబ్బాలో ఉంది. వదిన కూర్చున్న చోటికి జానెడు దూరం. చెప్తానన్నాను గానీ వెళ్లలేదు. మర్నాడనుకున్నాను. తర్వాత ఆదివారం అనుకున్నాను. ఆయన బాధపడతాడని చెప్పడం లేదని నాకు నేను నచ్చజెప్పుకునేవాణ్ణి. అది కాదు. ఈ రోడ్డు మీద నా చేతికి ఒక పేరుంది. ఎవరూ బాగుచెయ్యలేని సెట్టు నా దగ్గరికొచ్చేది. ఆ పేరుని అన్నయ్య ముందు పోగొట్టుకోవడం ఇష్టం లేక చెప్పలేదు.

చివరికి అన్నయ్యే కదిలించాడు. ఒక సాయంత్రం నేను ఇంటికి వెళ్తే మూడో పెట్టె గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. దారంతో కట్టేసి ఉంది.

"పాయకరావుపేటలో మా సర్వీసాయన ఒకడున్నాడు. సేతిపని బావుంటాది. ఆడికిచ్చేస్తాను. నా సెయ్యి మీద నాకు నమ్మకం పోయిందిరా," అన్నాడు.

ఇక దాచలేకపోయాను. సైకిలెక్కి షాపుకి పోయాను. డబ్బా బల్ల మీద బోర్లించి ఆ ముక్క తీసుకుని తిరిగి వచ్చి అన్నయ్య అరచేతిలో పెట్టాను.

ఆయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. కనపడలేదు కాబోలు, చూపుడువేలితో అంచు తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రెండేళ్లయినా వాసన ఉంటుందా అనుకున్నాను. ఉంది.

"కాలింది," అన్నాడు.

"ఐరన్‌తో చిల్లు పెట్టాను అన్నయ్యా. నీకు చెప్పలేదు. అక్కడే విరిగింది. జిగురు ఊడలేదు. ఆరోజు పొలంలోనే చూశాను. జేబులో వేసుకున్నాను."

"పొలంలోనే సూసేవా?"

"చూశాను."

ముక్కని మళ్లీ ఒకసారి తడిమాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "రెండేళ్లు," అన్నాడు చివరికి. "రెండేళ్లు నా సేతుల్ని నేనే తిట్టుకున్నాను." ఆ ముక్కని బల్ల మీద పెట్టాడు. జారిపోకుండా జాగ్రత్తగా పెట్టాడు. "ఎల్లు. రేపు పొద్దున్నే రా."

లోపల్నించి అంతా విన్న వదిన మాత్రం గుమ్మం దాటి నా వెనకే వచ్చింది. "కళ్లు ఎలాగూ పోయేవే బాబూ, దానికి నిన్ననను. కానీ మొన్న నీ షాపుకొచ్చి నీ ఎదర కూకున్నాను కదా, అప్పుడైనా నోరు రాలేదేటి నీకు?" అంది. తలొంచుకుని సైకిలెక్కాను.

మర్నాడు వెళ్లేసరికి పెట్టె దారం విప్పి ఉంది. ప్లాను బల్ల మీద పరిచి, మూలల్లో నాలుగు పంపు నట్లు బరువు పెట్టి ఉంది.

"కోత నీది. తడిమి సూడ్డం నాది," అన్నాడు అన్నయ్య. "నీ ఐరన్ ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. అతుకు ఏదైనా పెట్టాలంటే షాపుకెల్లి పెట్టుకుని రా."

ఆ నియమం చివరిదాకా నడిచింది. ఒక్క తీగ అతకాలన్నా రిసీవరు గుడ్డలో చుట్టుకుని సైకిల్ మీద షాపుకి పోయి రావలసిందే. కొన్నిరోజులు నాలుగేసి సార్లు తిరిగాను. ఎండల్లో కూడా తిరిగాను. ఆ తిరగడం నాకు శిక్షగా ఆయన పెట్టాడో లేదో తెలియదు. నేను మాత్రం తప్పించుకోదలచుకోలేదు.

నేను కోసిన ప్రతి ముక్కా ఆయన వేళ్ల మధ్యకి పోయేది. "ఇక్కడ బొద్దుగా ఉంది. మళ్లీ కొయ్యి." "ఇది అడ్డంగా కోసేవు, సెక్క నార నిలువుగా ఉండాలి." మొదటి నెల నేను కోసినవాటిలో సగం పొయ్యిలోకి పోయాయి. అడ్డుపలకల చిల్లులకి గాజుకాగితం పుల్లకి చుట్టి, మెల్లగా తిప్పుతూ అరగదీయమన్నాడు. ఒక్కో చిల్లుకి అరగంట. నిమిషంలో అయిపోయిన పని ఇదే కదా అని ప్రతి చిల్లుకీ గుర్తొచ్చేది. అయ్యాక చుట్టూ సన్నటి చెక్క ఉంగరం ఒకటి జిగురుతో అతికించమనేవాడు. అదే జిగురు. దువ్వెనలదే.

బరువు దగ్గర మళ్లీ గొడవపడ్డాం. అంత చిన్న విమానానికి రేడియో సామాను పెద్ద మూట. రిసీవరు ప్లాస్టిక్ డబ్బా తీసేసి స్పాంజిలో చుట్టాను. పొడవు తీగలన్నీ కురచ చేశాను. బ్యాటరీలు తోక వైపు ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టబోయాను. అన్నయ్య విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ల మీద నిలబెట్టాడు. తోక కిందకి జారింది. "నీ ఖాళీ కోసం కాదు, దాని నడుం కోసం సూడు," అన్నాడు. బ్యాటరీలు జరుపుతూ జరుపుతూ ఇంజనుకి సరిగ్గా వెనకదాకా తెచ్చాం. అక్కడ నిలిచింది. ఒరగలేదు. ఆయన ముఖంలో చాలాకాలం తర్వాత పాత అన్నయ్య కనిపించాడు.

చుక్కానికి మడతబందు కావాలి. ఇనప బందు బరువు. వదిన సూదీ దారం తెచ్చి, ఎనిమిది అంకెలా అటూ ఇటూ కుట్లు వేసి చుక్కానిని తోకకి కలిపింది. నాతో అవసరమైన మాటే మాట్లాడేది. ఆ రోజు కుట్టు పూర్తిచేసి దారం పళ్లతో తెంపి, "దీనికి నీ ఇనపకాడ తగిలిందంటే సూడు," అంది. అది కోపమే. కానీ నాతో అన్న కోపం. అది చాలనుకున్నాను.

ఎనభైలు మొదలైన ఒక జనవరి ఉదయం, మంచు విడిచాక, అదే పొలానికి వెళ్లాం. రైతు గట్టు మీద తయారుగా ఉన్నాడు.

"ఈసారి సెరుకు కొట్టీసేనండి. దాక్కోడానికి సోటు నేదు దానికి. బేగి ఎగరెయ్యండి, నాకు గానుగ కాడ పనుంది."

"నీకెవరు సెప్పేరు ఇయ్యాలే ఎగరేస్తామని?" అన్నాడు అన్నయ్య.

"ఆవుదం వోసన రోడ్డు మీంచి వొస్తే తెలవదేటండి?"

బటన్ పెట్టె నేను అన్నయ్య చేతిలో పెట్టాను. వద్దన్నాడు. "నాకు మసకే కదరా. దగ్గరున్నంతసేపే. పైకి పోతే ఏమీ అగుపించదు."

"నేను చెప్తాను. నువ్వు నొక్కు."

ఆయన నా వైపు తిరిగాడు. కళ్లు నా ముఖం మీద లేవు, కొంచెం పక్కగా ఉన్నాయి. ఆ చూపులో అడిగిన ప్రశ్న నాకు అర్థమైంది. నువ్వు చెప్పేది నమ్మి ఎగరేయాలా అని. బటన్ మీద బొటనవేలు పెట్టుకున్నాడు.

ఇంజను నాలుగో తిప్పుకి అందుకుంది. నేను నాలుగడుగులు పరిగెత్తి వదిలేసి, అన్నయ్య పక్కకి వచ్చి నిలబడ్డాను. విమానం పైకి పోయింది.

"ఎటుంది?"

"కొండల వైపు పోతోంది. ఒకటి నొక్కు. చాలు, వదులు. తిరుగుతోంది."

"నిజంగానా?"

"నిజంగా."

ప్రతి మలుపుకీ అడిగాడు. ప్రతిసారీ జవాబు చెప్పాను. నొచ్చుకునే హక్కు నాకు లేదు. ఇంజను చప్పుడు వింటూ ఆయన తల అటే తిప్పేవాడు. కాసేపటికి చప్పుడుని బట్టే నాకంటే ముందు బొటనవేలు కదిలించడం మొదలుపెట్టాడు.

ఇంధనం అయిపోయింది. చప్పుడు ఆగింది. ఇక ఆయనకి మిగిలింది నా గొంతొక్కటే. విమానం మాకు ఎదురుగా దిగుతూ వస్తోంది. నా కుడిచేతి వైపు తాటిచెట్ల వరస ఉంది. దాన్ని నా ఎడమకి తిప్పాలి.

"ఎడమ. ఒకటి!" అన్నాను.

ఆయన నొక్కాడు. విమానం తాటిచెట్ల వైపే తిరిగింది. అది మాకేసి వస్తోంది. దాని ఎడమ నా కుడి. గాలి తోసిందని అనొచ్చు. రబ్బరు పట్టేసిందని అనొచ్చు. ఆయన చూడలేడు. ఈ రెండు మాటలూ నా నోటిదాకా వచ్చాయని ఒప్పుకుంటున్నాను.

"తప్పు చెప్పాను అన్నయ్యా! నాదే తప్పు! రెండు, రెండు నొక్కు!"

ఆయన అడగలేదు. బొటనవేలు టకటకా రెండుసార్లు పడింది, అక్కడే నిలిచింది. విమానం రెక్క ఎత్తి, తాటాకులు రాసుకుంటుందా అన్నంత దగ్గరగా తిరిగి, కోసిన చెరుకు మోళ్ల మీదుగా పొలంలోకి వచ్చి, కొంచెం గెంతి ఆగింది.

"దిగిందా?"

"దిగింది."

రైతు తెచ్చి ఇచ్చాడు. ఈసారి ఒకటే ముక్క. అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని, రెక్కని పట్టి ఉంచే రబ్బర్లు విప్పి, పొట్ట లోపలికి వేలు పెట్టి ఒక్కొక్క అడ్డుపలకా తడిమాడు. మూడు చిల్లులూ, మూడు ఉంగరాలూ. ఎక్కడా పగులు లేదు. వేలు బయటికి తీసి పంచెకి తుడుచుకున్నాడు.

"ఈసారి బేగినే సెప్పేవురా," అన్నాడు. "ఇంకా ఆవుదం ఉందేటి సీసాలో?"

ఉంది. పోశాను.